ఫోటోలో ఉన్నవాళ్ళ చేతికే

మొన్న పాస్‌పోర్టు సైజు ఫోటోల కోసం ఒక స్టూడియోకి వెళ్ళాను. మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన ఫోటోలు వెచ్చవెచ్చగా నా చేతిలో పెట్టారు. ఆ కాగితం వాసన తగలగానే జరీనా ఆంటీ గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

మేడ్చల్‌లో మా వీధి చివరే ఆంటీవాళ్ళ స్టూడియో. ఆడవాళ్ళ ఫంక్షన్లకు ఆమే కెమెరా పట్టుకుని వెళ్ళేది. బుర్ఖా ముసుగు వెనక్కి వేసి, కుర్చీ ఎక్కి, అందరినీ గదమాయిస్తూ ఫోటోలు తీసేది. ఆమెకో పద్ధతి ఉండేది. ఫోటోలు తీయించింది ఎవరైనా సరే, కవరు మాత్రం ఫోటోలో ఉన్న ఆడమనిషి చేతికే ఇచ్చేది. తండ్రి వచ్చినా మొగుడు వచ్చినా "ఆమెను పంపుండ్రి" అనేది. ఎవరెంత విసుక్కున్నా ఆమె ఖాతరు చేసేది కాదు.

2013లో, ఎనిమిదో తరగతిలో ఉండగా, నేను పెద్దమనిషినయ్యాను. నాయినకు ఒక్కగానొక్క కూతుర్ని. ప్లాట్ల వ్యాపారం కలిసొచ్చిన రోజులవి, ఫంక్షన్ ఘనంగా చేశాడు. కొత్తగా ఫేస్‌బుక్ కూడా నేర్చుకున్నాడు. ముఖానికి పసుపు రాసి నన్ను చాప మీద కూర్చోబెడితే, తన ఫోన్‌తో ఫోటో తీసి అందులో పెట్టేశాడు. "నా బంగారుతల్లి పెద్దమనిషైంది" అని పైన రాశాడు. వచ్చిన లైకులన్నీ అమ్మకు చూపిస్తూ మురిసిపోయాడు. పాపం, ఆయనకది చుట్టాలకు కార్డు పంచినంత మామూలు విషయం.

మా బడి శామీర్‌పేటలో. నేను మళ్ళీ బడికి వెళ్ళిన రోజు మెట్ల దగ్గర పదో తరగతి మగపిల్లలు ఫోన్ చుట్టూ మూగి ఉన్నారు. "పసుపు మంచిగ రుద్దిన్రా?" అని ఒకడు అడిగాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. సాయంత్రం బస్సులో చున్నీ ముఖాన కప్పుకుని ఇంటికొచ్చాను. మర్నాటి నుంచి కడుపునొప్పి అని చెప్పి బడి మానేశాను. ఇక బడి ముఖమే చూడనని మనసులో ఖాయం చేసుకున్నాను. నాయిన సంతోషం చూస్తే ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

ఆ వారంలోనే ఆంటీ ఫంక్షన్ ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చింది. గడప దగ్గరే నాయిన చెయ్యి చాచాడు.

"ఇటియ్యి చెల్లె, అన్నీ ఫేస్‌బుక్ల పెట్టాలె. చౌరస్తాల ఫ్లెక్సీ గూడ కట్టిస్త."

"బిడ్డ ఏది అన్నా? ఆమెకే ఇస్త."

"చిన్నపిల్ల, దానికేం ఎరుక?"

"గంత చిన్నపిల్లయితే గింత పెద్ద ఫంక్షన్ ఎందుకు జేసినవ్ అన్నా?"

నాయిన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆంటీ లోపలికొచ్చి, మంచం మీద ముడుచుకుని పడుకున్న నా పక్కన కూర్చుంది. కవరు నా ఒళ్ళో పెట్టి, "మస్తు మంచిగ ఒచ్చినయ్ బేటా. ఎవలికి సూపిస్తవో నీ ఇష్టం. ఒద్దనుకుంటే ఒద్దని చెప్పు, గంతే" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూనే, గుమ్మంలో నిలబడ్డ నాయినకు బడిలో జరిగిందంతా చెప్పేశాను.

"నాకొద్దు నాయినా. తీసెయ్."

కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఫోన్ తెచ్చాడు కానీ, పెట్టడం వచ్చిన మనిషికి తీసెయ్యడం రాదు. "గిది యాడ ఒత్తాలె చెల్లె?" అని ఆంటీని అడిగాడు. ఆమెకూ తెలియదు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి, అదీ ఇదీ నొక్కి, చివరికి ఎలాగో తీసేశాం. సోమవారం నాయినే నన్ను బండి మీద బడికి తీసుకెళ్ళాడు. గేటు దగ్గర, "నాయిన మీద కోపమొచ్చిందా బిడ్డా?" అని మెల్లగా అడిగాడు. లేదన్నాను. నిజంగానే లేదు.

ఆ తర్వాత ఆంటీవాళ్ళు స్టూడియో మూసేసి మచ్చ బొల్లారం వెళ్ళిపోయారు. మళ్ళీ కలవలేదు. మనల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళకు కూడా వద్దని చెప్పొచ్చనీ, చెప్పినా వాళ్ళు మనవాళ్ళుగానే ఉంటారనీ నాకు నేర్పింది ఆమె. ఉద్యోగంలోనూ అత్తవారింట్లోనూ ఆ ధైర్యమే నాకు తోడు.

పోయినేడు నా పెళ్ళయింది. వారం తిరక్కుండానే నాయిన ఫోన్ చేశాడు.

"అప్పగింతలప్పటి ఫోటో ఒకటి ఫేస్‌బుక్ల పెట్టుకుంట. పెట్టాల్నా, ఒద్దా?"

"అండ్ల ఏడుస్తున్నది నువ్వే గద నాయినా. నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నాను నవ్వుతూ.

"పక్కన నువ్వున్నవ్ గద బిడ్డా" అన్నాడు.