తుంటికి వాస్తు

వయసులో ఉన్నప్పుడు ఒంట్లో కీళ్ళున్నాయన్న సంగతే మనకు గుర్తుండదు. ఆ రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నిలబడి ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ముప్ఫై నిండకుండానే కుడి తుంటి అరిగి కూర్చుంది. కుర్చీలో కూర్చుని చెబుతానంటే మా డైరెక్టరు, "నిలబడలేని మాస్టారు మాకెందుకండీ" అన్నాడు (అక్కడ కూర్చునే హక్కు ఆయనొక్కడిదే). కాలు బాగుపడకపోతే ఉద్యోగం పోతుంది, అంతే సంగతి.

ఎల్బీనగర్‌లో డాక్టరు గారు తొడ ఎముక తల తీసేయకుండా దానికో లోహపు టోపీ తొడిగి, ఎదురుగా లోహపు గిన్నె కూర్చోబెడతానన్నారు. నాకు తోడొచ్చింది మా ఇంటి ఓనరు అంకుల్. అబ్దుల్లాపూర్‌మెట్ దాకా ప్లాట్లమ్మే మనిషి, వాస్తు చూడనిదే చెప్పుల స్టాండు కూడా జరపడు.

"ఎటు నుంచి కోస్తరు డాక్టర్ సాబ్?"

"వెనక నుంచండీ."

"ఎనకనా? నైరుతికి గేటు పెట్టినట్టే గద. గసొంటి ఇల్లు ఎన్నేండ్లు నిలుస్తది?"

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు మాత్రం నవ్వలేదు. "ముందు నుంచి వెళ్తే ఎముకకు రక్తం తెచ్చే నాళాలకు ఇబ్బంది తక్కువంటారు. వెనక నుంచైతే కీలు బాగా కనబడుతుంది, నా చెయ్యి తిరిగింది ఆ దారిలోనే. ఎన్నాళ్ళు నిలుస్తుందనేది దారి కంటే గిన్నె వాలు మీద ఎక్కువ ఆధారపడుతుంది. వాలు తప్పితే లోహం లోహాన్ని అరగదీస్తుంది."

"అంటే స్లాబు వాలు లెక్క. గా ముక్క ముందే చెప్పొద్దా?" అన్నాడు అంకుల్. అంతటితో ఊరుకున్నాడా? బయటికి రాగానే, "జర టేబులన్న తూర్పు మొకం పెట్టమనరాదు సారూ" అని మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. "ఫిజిక్స్ చెప్పేవాణ్ణి, నాకా అంకుల్ మీరు వాస్తు చెప్పేది?" అన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు పాపం.

ఆపరేషన్ బల్ల ఎక్కాక భయమేసింది, దాచుకోవడమెందుకు. మళ్ళీ బోర్డు ముందు నిలబడతానా అన్నది తప్ప ఇంకేమీ తోచలేదు. మత్తు మాస్కు ముఖం మీదికొస్తుండగా నా నోరే అడిగేసింది, "సిస్టర్, తూర్పు ఎటు?"

ఆవిడేదో చెప్పింది. వినేలోపే నిద్ర ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ కాలి మీదే నిలబడి పాఠాలు చెబుతున్నాను, ఎక్స్‌రే తీసినప్పుడల్లా గిన్నె కదల్లేదంటున్నారు. అంకుల్‌తో మాత్రం తూర్పుకే పెట్టారని చెప్పాను. ఇప్పటికీ నేను మెట్లెక్కుతుంటే కింద నుంచి, "నే చెప్పలే?" అంటాడు. అవునంకుల్ అంటాను. ముప్ఫై నిండని నాటి నాలోని ఫిజిక్స్ కుర్రాడు వింటే ఏమనుకునేవాడో.