మా మేనత్త మెత్తబరిచిన మన్ను

మా మేనత్త పోయిందని వడ్రంగి భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. ఆయన ఉండేది దబీర్‌పురాలో, దుకాణం మాత్రం గౌలిపురలో మా అత్త ఇంటికి ఎదురుగా. పొద్దున పెరట్లో కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. "డాక్టర్ వచ్చేసరికే అయిపోయింది బేటీ, జల్దీ రా" అన్నాడు. ఛత్రినాక నుంచి ఆటోలో వెళ్తుంటే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇన్నేళ్ళు మొండికేసిన ఆమె పెరటి మన్ను ఈ మధ్యే దారికొచ్చింది. ఇప్పుడా పోయేది?

ఆ మన్ను సంగతి చెప్పకుండా ఆమె గురించి చెప్పడం నాకు చేతకాదు. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఎవరికీ జంకలేదు. ఇంటి వెనక పాత గది వానలకు కూలిపోతే, ఆమె తమ్ముడు, అంటే మా చిన్నాయన, ఆ శిథిలాలను అక్కడే చదును చేయించాడు. ఇటుక ముక్కలు, గోడల సున్నం, పెంకులు, వాటి కింద బంకమన్ను. అక్కడే తోటకూర, బచ్చలి పెంచుతానని ఆమె పట్టు. విత్తనం మొలిచేది, రెండాకులు వేసేది, పసుపు పచ్చగా పాలిపోయి చచ్చేది.

ఆమెకు ఓర్పు ఎక్కువని దినాలనాడు చాలామంది అన్నారు. ఉత్త మాట. మట్టిగడ్డను చేతిలో పట్టుకొని "నీకేం రోగమే" అని తిట్టడం నేను కళ్ళారా చూశాను.

మొదట గల్లీ చివర పాలవాళ్ళ కొట్టం నుంచి పచ్చి పేడ తెచ్చి తట్టలకొద్దీ కుమ్మరించింది. ఆ వేడికి మొక్కల వేళ్ళు మాడిపోయాయి. తర్వాత భాయ్ దగ్గర రంపపు పొట్టు అడిగి నేరుగా మట్టిలో కలిపింది. ఆ పొట్టు కుళ్ళడానికి మట్టిలో ఉన్న కాస్త సత్తువనూ లాగేసుకుంది. మొక్కలు ఇంకా పాలిపోయాయి. ఆయనేదో మోసం చేసినట్టు దుకాణం ముందు నిలబడి లొల్లి పెట్టింది. "ఆపా, నేను పొట్టు ఇచ్చిన, మంత్రం ఇయ్యలే" అన్నాడు, ఎప్పుడూ ఆమెను అక్కా అని ఉర్దూలో పిలిచే ఆయన. చాలా రోజులు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

తర్వాత కాస్త నిదానించింది. పెరటి మూలన ఎరువు కుప్ప పెట్టింది. పేడ, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, చెరుకు రసం బండి దగ్గర పడేసిన పిప్పి, బోనాల మర్నాడు వీధుల్లో మిగిలిన వేపకొమ్మలు, అన్నీ పొరలు పొరలుగా వేసేది. తడి ఆరకుండా చూసి, పారతో తిరగేసి, వాసన పోయి నల్లగా పొడి పొడి అయ్యాకే మట్టికి పెట్టేది. ఆదివారం నేను వెళ్తే కూర్చోబెట్టి మాట్లాడేది కాదు, జల్లెడ చేతికిచ్చేది. ఈ తిప్పలన్నీ ఎందుకు, ఒక ట్రాలీ మంచి మట్టి తెప్పించుకోరాదా అని విసుక్కుంటే, "తిన్నది అరగనీకి నీకు ఒక పూట పడుతది. దీనికి ఇటుకలు తినవెట్టిన్రు. జర టైం ఇయ్యాలె గదా" అంది.

సరిగ్గా మట్టి రంగు మారుతున్న ఏడే గల్లీలో డ్రైనేజీ పొంగింది. మురికినీళ్ళు పెరట్లో నిలిచిపోయాయి. నీళ్ళు తీశాక చూస్తే మన్ను చెక్కలా గట్టిపడింది. ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే వచ్చేవాళ్ళు లేరు. అత్త గడప మీద కూర్చొని, "నాతోని గాదు ఇగ" అంది. ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు, అదే చివర.

మళ్ళీ వారం వెళ్ళేసరికి గడ్డపారతో నేలంతా పెళ్ళగించి ఉంది. నీళ్ళు నిలవకుండా మడులు ఎత్తుగా కట్టి, ఆ మట్టిలో ఏరిన ఇటుక ముక్కలనే అంచులకు పేర్చింది. ఆ ఏడు తినే కూర ఏదీ వేయలేదు, కుప్ప మీద కుప్ప ఎరువు మాత్రం పెట్టింది. మరుసటి ఏడు తోటకూర ముదురు రంగు తిరిగి నిగనిగలాడింది. ఆమె వెళ్ళి భాయ్ పనిబల్ల మీద గుప్పెడు మన్ను పెట్టి, "చూడు" అని మాత్రం అంది. మళ్ళీ మాటలు కలిశాయి.

దినాలనాడు ఆ పెరట్లోనే టెంటు వేశారు. వంటవాళ్ళు మడుల మీద పొయ్యిలు పెట్టారు. చుట్టాలు కూర్చున్న కుర్చీల కాళ్ళు మెత్తటి మట్టిలో దిగబడ్డాయి. ఆమె చేతి చలువ గురించి చెప్పుకుంటూనే, కుర్చీ ఊగుతోందని గునిశారు. నేల గట్టిపడాలని చిన్నాయన ఎవరికో చెప్పి ఒక ఆటో ట్రాలీ మొరం, ఎర్రటి గులకమట్టి, తెప్పించి పోయించాడు. నేను అడ్డం వెళ్ళాను.

"కుర్చీలు దిగబడుతున్నయి బిడ్డా. ముసలోళ్ళు పడితే ఎట్ల?" అన్నాడు.

"గట్ల దిగబడనీకే గదా చిన్నాయనా, అత్త ఇన్నేండ్లు కష్టపడ్డది."

ఆయన నా వైపు చూశాడు, కిందికి చూశాడు. అప్పటికే ట్రాలీ ఖాళీ అయిపోయింది. పెరడంతా సిమెంటు వేయించి బండ్లు పెట్టుకుందామన్న మాట అంతకుముందు ఆయనే అన్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ ఎత్తలేదు. మానుకున్నానని కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే భాయ్, నేను మొరం గోకి సంచుల్లో నింపాం. పూర్తిగా రాలేదు. పొయ్యిలు పెట్టిన చోట నేల మళ్ళీ పలకైంది. ఎన్నేళ్ళ పని ఒక్క భోజనం పూటకు పోయిందని నాకు ఒళ్ళు మండింది. తిట్టడానికి ఆమె లేదు, నాకేమో అంత బాగా తిట్టడం రాదు. భాయ్ మూలకు చెయ్యి చూపించాడు. చనిపోయే ముందు రోజు అత్త తిరగేసిన కుప్ప అది, టెంటు అక్కడిదాకా రాలేదు. చెయ్యి లోపలికి పెట్టాను. వేడిగా ఉంది. నా చెయ్యి పెళ్ళగించిన చోటు నుంచి ఆ పొద్దుటి చలిలో సన్నగా ఆవిరి పైకి లేస్తోంది.