కొబ్బరిచెట్టున్న రోడ్డు

ఎదుటివాడు మాట చెప్పి తనే ముందు నవ్వితే గంగ నమ్మదు. ఎగువ గుంజివలసలో ఆమె కథలంటే పిల్లా పెద్దా చెవి కోసుకుంటారు గానీ, వాటిలో ఒక్కటీ రాజులదీ దేవతలదీ కాదు. అన్నీ చైత్రంలో కొండ ఊళ్లవాళ్లు చేసుకునే ఇటుకల పండగకి రోడ్డుమీద దొరికినవే.

ఆ పండగకి మగవాళ్లు వేటకి పోతారు. ఆడవాళ్లు తారురోడ్డుకి అడ్డంగా వెదురువాసం పెట్టి, వచ్చేపోయే బళ్లని ఆపి, ఏదో ఒకటి పుచ్చుకున్నాకే ఎత్తుతారు. ఈమధ్య కార్లవాళ్లందరిదీ ఒకటే పాట: "చిల్లర లేదమ్మా, అంతా ఫోన్లోనే." మూడేళ్ల కిందట గంగ దీనికో దారి కనిపెట్టింది. చిల్లర లేనివాళ్లు, కళ్లతో చూసి కూడా నమ్మలేకపోయిన సంగతి ఒకటి చెప్పాలి. అరకు కాఫీపొడి విశాఖలో కొనుక్కుని, అరకు వచ్చి కలుపుకు తాగిన దంపతులు అలా ఒకరు చెప్పిన సంగతిలోనే దొరికారు. బొర్రా గుహలన్నీ ఫోన్లోంచే చూసి, బయటికొచ్చాక లోపల ఏముందని అడిగిన మనిషీ అంతే. కాఫీపళ్లు కోసేటప్పుడు గంగ ఈ సంగతులకి ఉప్పూ కారం జల్లి తోటివాళ్లకి చెప్పేది. "ముందు నవ్వు రావాల, తరవాత ఒళ్లు మండాల. అప్పుడే అది కత," అనేది.

ఈ ఏడు ఒక జీపు ఆగింది. దిగినాయన వరహాలరావు, మైదానం మనిషి, రోడ్ల కాంట్రాక్టరు దగ్గర పనట. చిల్లర లేదన్నాడు. కథ మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"ఒక కొండ ఊరికి రోడ్డు పడిపోయిందని కాగితాల్లో రాసేశారమ్మా. ఫోటో కూడా పెట్టారు. తీరా చూస్తే రోడ్డు పక్కన కొబ్బరిచెట్టు! ఈ కొండల మీద కొబ్బరిచెట్టేంటి?" అని తనే పగలబడి నవ్వాడు.

ఆడవాళ్లంతా నవ్వారు. గంగ నవ్వలేదు.

"ఏ ఊరు బాబూ?"

"ఏదో ఊరు. గుర్తులేదు."

"ఎంత దూరమేటి ఆ రోడ్డు?"

"నాలుగున్నర కిలోమీటర్లు."

నవ్వులు ఆగిపోయాయి. ఈ వాసం దగ్గర్నుంచి గుంజివలసకి సరిగ్గా నాలుగున్నర కిలోమీటర్ల రాళ్లబాట. కిందటి వానల్లో ఊళ్లో యర్రమ్మకి నొప్పులొస్తే, డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకొస్తుంటే, పొంగిన గెడ్డ దాటలేక ఆ ఒడ్డునే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు గంగ కోడలు హేమలతకి ఎనిమిదో నెల.

గంగ వాసం గట్టిగా పట్టుకుంది. "ఊరు పేరు గుర్తు నేదు, కిలోమీటర్లు గుర్తున్నాయేటి? సగం కత పుచ్చుకోం బాబూ."

వరహాలరావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి గుంజివలస పేరే చెప్పాడు. "నా పేరు మాత్రం బయటికి రానీకండమ్మా."

నోరు జారాడా, లేక చెప్పడానికే చిల్లర దాచుకుని ఇటొచ్చాడా? గంగకి ఇప్పటికీ అనుమానమే.

సోమవారం యర్రమ్మని వెంటబెట్టుకుని పాడేరు వెళ్లింది, అర్జీలు తీసుకునే చోటికి. కాగితం రాయించలేదు. "మా ఊరి రోడ్డుకి కొబ్బరిసెట్టు మొలిసింది బాబూ," అని మొదలెట్టింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వు అయ్యేదాకా ఆగి, యర్రమ్మ బిడ్డ సంగతి చెప్పింది. 

అధికారి కంప్యూటర్లో ఫోటో తెరిపించాడు. కొబ్బరిచెట్టు ఉంది.

"ఇది నీకెవరు చెప్పారు?"

అడిగిన తీరు గంగకి నచ్చలేదు. రోడ్డు మింగినవాణ్ని వదిలేసి కథ చెప్పినవాణ్ని వెతికే చూపు అది.

"పండగనాడు వాసం కాడ ఇచ్చినోడి పేరు అడగం బాబూ."

"సరే, రేపు మనుషుల్ని పంపిస్తాం. చూసొస్తారు."

"అంపండి బాబూ," అంది గంగ. "జీపులోనే అంపండి. ఆ రోడ్డు మీదే."