మార్తమ్మ కోడిపిల్లలు

కొత్త నూలు వాసన తగిలితే నా వేళ్ళు ఊరుకోవు. మొన్న కోడలు చంటి మనుమరాలికి మేజోళ్ళు కొనుక్కొచ్చింది. తొడగబోతుంటే లాక్కుని, తిరగేసి, లోపలంతా వేలితో తడిమాను. ఏం పోయిందత్తయ్యా, అంతగా వెతుకుతున్నారని నవ్వింది. ఆమెకు మార్తమ్మ తెలియదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట. ఎమ్మిగనూరులో మాది మగ్గాల ఇల్లు. మా వీధి దాటగానే మొదటి గుడిసె మార్తమ్మది. కూలికి పోయేది. ఒక్కగానొక్క కూతురు కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. ఆ కూతురు సాకిన కోడిపెట్ట ఒకటి మిగిలింది. మార్తమ్మ దాన్ని కోయలేదు, అమ్మలేదు. అది గుడ్లు పొదిగి తొమ్మిది పిల్లలను లేపిన నాలుగో రోజే అడవిపిల్లి పెట్టను ఎత్తుకుపోయింది. ఇక వాటికి తల్లి ఆమే. వేడి బూడిద నింపిన చట్టికి గోనె చుట్టి, ముందు తన చెంపకు ఆనించుకుని చూసి, గంపలో పెట్టేది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడితే చలి అనీ, నోళ్ళు తెరిచి దూరం జరిగితే వేడెక్కువనీ నాకు చూపించింది. బడిలో ఏ పంతులూ నాకంత ఓపికగా ఏదీ చెప్పలేదు.

పుష్యమాసంలో ఒకరోజు పత్తి తీయడానికి పోతూ గంపను మా పెరట్లో దించి, చట్టి చల్లారితే బూడిద మార్చమని నాకు అప్పజెప్పింది. నేనా, పదకొండేళ్ళకే ఆరిందాను. చట్టి చల్లారింది, పొయ్యి రాజేయడానికి బద్ధకించాను. మగ్గం కింద తెగిన పోగులు మెత్తగా కుప్పపడి ఉన్నాయి. రెండు దోసిళ్ళు తెచ్చి గంపలో పరిచి, పిల్లల మీదా కప్పి, కండెలకు నూలు చుట్టడానికి కూర్చున్నాను. కాసేపటికి అరుపులు ఆగాయి. వెచ్చగా నిద్రపోయాయని మురిసిపోయాను.

పొద్దు వాలుతుండగా మార్తమ్మ వచ్చి మూత తీసింది. పోగులు కాళ్ళకూ మెడలకూ చుట్టుకుని, గింజుకున్నకొద్దీ బిగిసి, ఎనిమిది చచ్చిపోయాయి. బతికిన ఒక్కదాని కాలు నల్లబడింది. ఆమె పళ్ళతో పోగులు కొరికి, చచ్చినవాటిని కూడా ఒక్కొక్కటిగా విడదీసింది. తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే ఇన్నాళ్ళు మోసేదాన్ని కాదేమో.

"ఎచ్చగా పెడితే సాలదు పాపా," అంది. "లోపల ఏముందో సేత్తో తడిమి సూడల్ల."

ఆ కాలు ఎండి రాలిపోయింది. ఆ కుంటిపెట్ట వీధిలోకి వస్తే నేను ఇంట్లోకి పోయేదాన్ని.

మరుసటి ఏడు తమ్ముడు పుట్టాడు. ఒకరోజు పొద్దున్నుంచి ఏడుపు ఆపడు. అమ్మ వాము నీళ్ళు పట్టింది, దిష్టి తీసింది. దారిన పోతున్న మార్తమ్మ ఆ ఏడుపు విని గడప బయట నిలబడింది. మా ఇళ్ళల్లో ఆమెను లోపలికి రానిచ్చేవారు కాదు.

"నూలిల్లు గదమ్మా," అంది. "బిడ్డ కాలియేళ్ళు సూసినారా?"

గుడ్డ విప్పితే చిటికెన వేలి చుట్టూ పోగు కోసుకుపోయి ఉంది. అమ్మ గోళ్ళకు అది చిక్కలేదు. నేను పళ్ళతో కొరికాను. వేలు దక్కింది.

అమ్మ చేటలో జొన్నలు తెచ్చి ఆమె కొంగులో పోసింది. మార్తమ్మ కొంగు ముడేసుకుని, బిడ్డను ఒక్కసారి ఎత్తుకుంటానని చేతులు చాచి అడిగింది. అమ్మ వినపడనట్టు లోపలికి వెళ్ళింది. మార్తమ్మ చేతులు కాసేపు అలాగే చాచి ఉన్నాయి.

మేజోళ్ళు తిరగేసి చూడటం నాకు ఆమె పెట్టిన బుద్ధి. తమ్ముణ్ణి తెచ్చి ఆ చేతుల్లో పెట్టి ఉండవలసింది. పక్కనే ఉన్నాను. పెట్టలేదు.