డబ్బా అడుగు

మా అక్కని ఇంట్లో అందరం అప్ప అనే పిలుస్తాం. నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆరేళ్ల కిందట వెన్నుపూసకు ఆపరేషన్ అయింది. కుట్లు మానాయి, నొప్పి మానలేదు. రామతీర్థం దారిలో ఒక ఊళ్లో ఇద్దరం కలిసి ఉంటాం. నొప్పి మాత్ర పనిచేసిన పూట అప్ప పీట మీద కూర్చుని అన్నం తింటుంది. పనిచేయని పూట పక్కకు ఒత్తిగిలి పడుకునే తింటుంది. నేను చెప్పబోయేదంతా ఈ తేడా గురించే.

ఆ మాత్ర మందుల షాపులో దొరకదు. మత్తుమందుల చట్టం కిందికి వస్తుందట. దగ్గర్లో రెండు ఆసుపత్రులవాళ్లని అడిగాను. తమకు అనుమతి లేదన్నారు. ఆ అనుమతి ఎవరిస్తారంటే పైవాళ్లన్నారు. చివరికి విశాఖపట్నంలో ఒక క్లినిక్‌లో ఇస్తున్నారు, ఇరవై ఎనిమిది రోజులకొకసారి. రోగి స్వయంగా రావాలి, వాడేసిన ఖాళీ అట్టలు చూపించాలి. కూర్చోవడానికి మందు కావలసిన మనిషి, ఆ మందు కోసం రెండు గంటలు కారులో కూర్చోవాలి. భోగాపురం దాటేవరకూ ప్రతి గతుకూ నాకు అప్ప ముఖంలోనే తెలుస్తుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. అందుకే ఒక నోటుపుస్తకం పెట్టాను: తేదీ, మాత్ర ఇచ్చిన వేళ, అప్ప ఎంతసేపు కూర్చుంది, నొప్పి పదికి ఎంత. ఆ చివరిది అడిగితే అప్పకి ఒళ్లుమంట.

"పదికెంతని సెప్పనే? సంతలో బేరమేటి?"

నా దగ్గర విసుక్కుని ఏడో ఎనిమిదో అనేది. క్లినిక్‌లో మాత్రం ఎప్పుడూ నాలుగే. పరాయివాళ్ల ముందు మూలగడం మా ఇంట్లో లేదు.

ఆషాఢంలో ఒక మంగళవారం బయలుదేరే ముందు ఆమె పక్క సర్దుతుంటే దిండు కింద పాత పసుపు డబ్బా దొరికింది. అందులో తొమ్మిది మాత్రలు. రోజుకి రెండు చొప్పున యాభై ఆరూ వేసుకున్నట్టు నా పుస్తకంలో ఉంది. చేతిలో పెట్టి గీత గీసుకున్నానే తప్ప మింగిందో లేదో ఏనాడూ చూడలేదు. అడిగితే నన్నే తిరిగి అడిగింది.

"ఒసే, అమ్మ ఏటి సెప్పింది? డబ్బా అడుగు కనపడనీకూడదని కాదా?"

మా అమ్మ బియ్యం డబ్బాలో ఎంత కరువులోనైనా పిడికెడు ఉంచేది. అప్ప అలాగే, పని లేని సాయంత్రాలు మాత్ర మానేసి, నొప్పి ఓర్చుకుని, మరీ చెడ్డ రోజు కోసం దాచుకుంది.

డబ్బా నా సంచిలో వేసుకున్నాను. కారులో అప్ప నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "ఇంట్లో ఉంచీవలసింది. ఎవులు సూస్తారు?"

తప్పుడు లెక్క నేను చూపించనన్నాను. తొమ్మిదీ డాక్టరమ్మ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. చిన్న వయసు, మంచి మనిషి. నొప్పి ఎంతని అడిగితే అప్ప ఎప్పటిలాగే నాలుగంది. డాక్టరమ్మ మాత్రలు వెనక్కి తీసుకుని రిజిస్టరులో రాసింది. "నొప్పి నాలుగు, మిగిలినవి తొమ్మిది. తక్కువతో సరిపోతోందనే కాగితం చెబుతుంది మామ్మగారూ. నేను వేరేలా రాస్తే నన్నడుగుతారు." ఇకనుంచి రోజుకి ఒకటిన్నర. మొత్తం నలభై రెండు.

నా నోటుపుస్తకం తెరిచి ఏడులూ ఎనిమిదులూ చూపించాను. అది ఇంట్లో రాసుకున్నది, చెల్లదంది. రోగి తన నోటితో చెప్పాలట. అప్ప నా వైపు చూసి, జన్మలో మొదటిసారి పరాయి మనిషి ముందు, "ఎనిమిది" అంది.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. నమ్మిందని కళ్లలో తెలిసింది. కానీ మందు తగ్గించాక నొప్పి అంకె పెరిగితే, మత్తుకు అలవాటు పడ్డారేమోనని అనుమానించమనే తమకు నేర్పారంది. అంకె మార్చాలంటే మళ్లీ వచ్చినప్పుడే.

ఆ మందు ప్రమాదకరమని నాకు తెలుసు. దొంగతనంగా అమ్మేవాళ్లున్నారనీ తెలుసు. కాపలా ఉండాల్సిందే. కానీ అప్ప అన్నీ మింగేసి ఉంటే యాభై ఆరు వచ్చేవి. నేను ఆ తొమ్మిదీ కాలవలో పారేసి ఉన్నా యాభై ఆరు వచ్చేవి. ఆమె పొదుపు చేసి, నేను నిజం చెప్పినందుకు నలభై రెండు. ఈ లెక్క ఐదో తరగతి పిల్ల తెచ్చి చూపిస్తే తప్పు కొట్టి పలక తిరిగిచ్చేదాన్ని. ఇక్కడ ఎవరికి తిరిగివ్వాలో తెలియలేదు.

తిరుగు దారిలో అప్ప సీటు వెనక్కి వాల్చుకుని పడుకుంది.  భోగాపురం దగ్గర కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఇరవై ఎనిమిది రోజులంటే ఎన్ని గంటలే?"

ఆరువందల డెబ్భై రెండు. ఆమె అడగకముందే నా మనసులో లెక్క కట్టేసి ఉంది.

"తెలీదప్పా," అన్నాను.