గడువు చెప్పే డాక్టరమ్మ

ఈ ఉదయం తల దువ్వుకుంటుంటే దువ్వెన పళ్లు నడినెత్తి మీది సన్నని గీతను తాకి, ఏ అడ్డూ లేకుండా జారిపోయాయి. ఒకప్పుడు అక్కడ నిమ్మకాయంత కంతి ఉండేది. దాన్ని కోసి తీసింది నిజామాబాద్‌లోని సరోజ డాక్టరమ్మ. ఆమె ఇప్పుడు లేరు. ఆమెను చూడనివాళ్లకు ముందుగా చెప్పవలసింది ఆమె ‘వద్దు’ గురించి. దేనిని వద్దన్నా గడువు కూడా చెప్పేవారు. కుట్లు తీసేదాకా నూనె వద్దు. పక్కు తనంతట తాను రాలేదాకా గోరు తగలనివ్వద్దు, అది ఎండిపోకుండా వాసెలిన్ రాయాలి. మచ్చ ఎరుపు తగ్గేదాకా చెరకు చేలకు పోతే తలమీది కొంగు తీయవద్దు. ప్రతి పనికీ తేదీ రాసుకునే నాకు ఆ పద్ధతి వెంటనే నచ్చింది.

కానీ మా అత్త నా తలనీలాలు లింబాద్రి గుట్ట దేవుడికి మొక్కుకుంది. కంతిలో చెడ్డదేమీ లేదని తేలగానే గుట్టకు పోదామన్నది. పోకపోతే అన్నం ముట్టనన్నది. కుట్లు తీసిన రోజున డాక్టరమ్మతోనే ఆ మాట అనేసింది.

“ఇప్పుడే గదా అవ్వా కుట్లు తీసింది! కత్తి పడితే గాయం విచ్చుకుంటది. మళ్ల కుడితే మచ్చ లావైతది, దాని మీద వెంట్రుక మొలవది.”

“మొక్కినంక ఆగుమంటే దేవుడు ఊకుంటడా?”

“మీ దేవుడు గంత తొందరోడా? ఇప్పుడు మూడు కత్తెర్ల వెంట్రుకలు ఇయ్యుండ్రి. మచ్చ తెల్లవడి, ఒత్తితే నొయ్యకుంట అయినంక గుండు ఇయ్యొచ్చు.”

అత్త నన్ను గుట్టకు తీసుకెళ్లింది. గుట్ట మీద మంగలి కత్తి తడిపి “తల వంచు బిడ్డా” అన్నాడు. అంతలో అత్త గొంతు లేచింది.

“ఓ అన్నా, కత్తి పక్కకు వెట్టు! మూడు కత్తెర్లే. డాక్టరమ్మ దేవునికి గడువు చెప్పింది.”

“దేవునికే గడువా! ఎవలమ్మా ఆమె?” అని మంగలి కత్తెర అందుకున్నాడు.

తర్వాత మచ్చ ఒక కొసన గట్టిపడింది. డాక్టరమ్మ అందులోకే సూదిమందు ఇచ్చి, వేలితో ఎలా మర్దన చేయాలో నేర్పారు. మెల్లగా అది చదునైంది. ఆమె సరేనన్నాకే గుండు చేయించుకున్నాను. కత్తి మచ్చ మీదుగా పోయినా ఒక్క చుక్క నెత్తురు రాలేదు. అత్త రెండుసార్లు తడిమి చూసి నవ్వింది.

ఇప్పటికీ ఎవరినైనా దేనికైనా వద్దనబోయే ముందు, అది ఎప్పటిదాకానో తేల్చుకుంటాను. తేలకపోతే నోరు మూసుకుంటాను. అలా ఆగిపోయిన మాటల్లో చాలావరకు చెప్పవలసిన అవసరమే లేనివి.