మనమ్మాయి జీతం

మా ఊరి కొబ్బరి కంపెనీకి నేను డైరెక్టర్‌ని. ఈ మాట చెబితే మా ఆడపడుచు ఇప్పటికీ నవ్వుతుంది. కొత్తపేటకి నాలుగు మైళ్ళ దూరంలో రెండెకరాల తోట, ఎకరం వరి చేను, రెండు గేదెలు, ఇదీ నా వైభోగం. దళారుల చేతుల్లో పడే బాధ తప్పుతుందని చుట్టుపక్కల రైతులం తలా కొంత వేసుకుని కంపెనీ పెట్టుకున్నాం. బోర్డులో ఒక ఆడమనిషైనా ఉండాలని ఎవరో కాగితాల్లో చదివి చెప్పారు. నాకు నోరెక్కువని ఊరంతా పేరు కాబట్టి ఆ కుర్చీ నాకిచ్చారు. తీరా నోరు విప్పాల్సిన రోజున ఆ నోటితో నేనేం మాట్లాడానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కంపెనీ అన్నాక సీఈఓ ఉండాలి. మాకూ ఉండేది. ముప్ఫై అయిదేళ్ళ అమ్మాయి. పుట్టిల్లు మండపేట, అత్తవారిది మా పక్క ఊరు. హైదరాబాదులో ఏదో సరుకుల కంపెనీలో ఏడేళ్ళు చేసి, మామగారికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి చంటివాణ్ణి చంకనేసుకుని ఇక్కడికి వచ్చేసింది. భర్త గల్ఫులో. హిందీ, ఇంగ్లీషు, లారీ వాళ్ళతో తగువులాడటం, అన్నీ వచ్చు. జీతం పద్దెనిమిది వేలన్నాం. "ఆయ్, అలాగేనండీ" అంది. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి, కాస్త ఎక్కువ చెప్పేశామేమోనని మా చైర్మన్ గారు తర్వాత రెండు రోజులు బాధపడ్డారు కూడా.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ అమ్మాయి రాకముందు మా కంపెనీ అంటే గోడకో బోర్డు, లోపలో బీరువా. ఆమె వచ్చాక ఒలిచిన కాయని సైజుల వారీగా వేరు చేయించింది. ఉత్తరాది వ్యాపారులతో తనే ఫోన్లో మాట్లాడి, లారీ కదిలేముందే సగం సొమ్ము వచ్చే ఏర్పాటు చేసింది. ఒకసారి సరుకు అక్కడికి చేరాక, కాయ చిన్నదని వంక పెట్టి ఆ వ్యాపారి దించుకోనన్నాడు. బోర్డంతా తలలు పట్టుకుని కూర్చున్నాం. ఆమె పిల్లాణ్ణి నా దగ్గర వదిలిపెట్టి, రెండు రోజులు ఆఫీసులోంచి కదలకుండా ఫోన్లు చేసి, ఆ లారీని అటునుంచటే ఇంకో ఊరికి మళ్ళించి సరుకు అమ్మించింది. మూడో రోజు పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చేసరికి గొంతు పూర్తిగా పోయింది. పైసా నష్టం లేదని చేత్తో సైగ చేసి చెప్పింది.

మరి మేం ఆమెని చూసుకోలేదా అంటే, చూసుకున్నాం. ఎంత చూసుకున్నామో ఊరంతా చెప్పుకునేలా చూసుకున్నాం. ఒక డైరెక్టరు గారి అన్నగారికి మండపేటలో రైస్ మిల్లుంది, అక్కణ్ణించి నెలకో బియ్యం బస్తా. చైర్మన్ గారింటి నుంచి కొబ్బరినూనె. మా ఇంటి నుంచి పాలు, పెరుగు, పాదుల్లో కాసిన బీరకాయలూ ఆనపకాయలూ. మామిడికాయల రోజుల్లో జాడీడు ఆవకాయ. మా తాతల నాటి నుంచీ ఇంట్లో పనిచేసే మనిషికి ఇచ్చే పద్ధతి ఇదే. డబ్బు కొంచెం, ధాన్యం కొంచెం, పండక్కి బట్టలు, కష్టమొస్తే ఆదుకోవడం. ఇంత ప్రేమగా చూసుకుంటున్నాం కదా అని ఎవరికి వాళ్ళం పొంగిపోయేవాళ్ళం. అది పాలేరుకిచ్చే పద్ధతనీ, ఈమె కంపెనీ నడిపే మనిషనీ ఒక్కరికీ తోచలేదు. నాకు తోచలేదు, ఇంక మిగతావాళ్ళననడం దేనికి.

మూడేళ్ళు అవే పద్దెనిమిది వేలు. ఆ తర్వాత మీటింగు కాగితంలో సీఈఓ జీతం అనే అంశం చేరింది. శనివారాలు సగం బోర్డు వాడపల్లి వెంకన్న దర్శనానికి పోతుంది కాబట్టి మా మీటింగులన్నీ ఆదివారం పొద్దున్నే. పెసరట్లూ కాఫీలూ అయ్యాక చైర్మన్ గారు పేపరు మడిచి పట్టుకుని, ఏదో పెద్ద కంపెనీ అధిపతి జీతం గురించి చదివి వినిపించారు.

"చూసేరాండీ, ఈ పెద్దమనిషికి ఏడాదికి ఎన్ని కోట్లో. మన మండలంలో తోటలన్నీ కొనేసినా ఇంకా చిల్లర మిగుల్తాది."

"అంతకీ ఏం చేస్తాడండీ ఆయన?" అన్నారొకరు.

"సంతకాలు పెడతాడంటండీ."

అందరం నవ్వాం. ఆ అమ్మాయీ నవ్వింది. తన జీతం సంగతి వచ్చేసరికి పద్ధతి ప్రకారం లేచి బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆ తలుపు ఎంత వేసినా లోపలి మాటలు వరండాలోకి వినిపిస్తాయి. అది మాకందరికీ తెలుసు.

ఆ కోట్ల జీతాలు బొంబాయిలో ఏ యంత్రమో లెక్కగట్టి తేలుస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. అదేం కాదు. అక్కడా ఇలాగే పదిమంది బల్ల చుట్టూ కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని ఇప్పుడు నా నమ్మకం. పక్కవాళ్ళు ఎంతిస్తున్నారు, ఈ మనిషి వెళ్ళిపోతే మన గతేమిటి, అసలు వెళ్ళగలడా. మా బల్ల దగ్గరా అవే వచ్చాయి.

"రాజోలు వైపు కంపెనీలో పదహారేనంటండీ" అన్నారొకరు. ఆ కంపెనీ ఏడాది మొత్తం మీద నాలుగు లారీలు కూడా పంపదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. "అమలాపురంలో ప్రైవేటు స్కూలు టీచరమ్మలకి పన్నెండు దాటదండీ" అన్నారింకొకరు. టీచరమ్మకీ మా సీఈఓకీ పోలికేమిటయ్యా అంటే, ఇద్దరూ ఆడవాళ్ళు, అంతే. "ఆయన గల్ఫులో సంపాదిస్తున్నాడు కదండీ" అన్నారు మిల్లువారి తమ్ముడు. "మంచాన పడ్డ మామగారిని వదిలేసి ఎక్కడికెళ్తాదండీ" అన్నారు ఆయన పక్కనున్నాయన.

అప్పుడు చైర్మన్ గారు నా వైపు తిరిగారు. "మీరు చెప్పండి చెల్లెమ్మగారూ. మీకు బాగా దగ్గరి మనిషి కదా."

నేను చెప్పాను. "ఆ పిల్లకి లోటేముందండీ. బియ్యం మనవే, పాలు మనవే. మనమ్మాయే కదా. కంపెనీని ముందు నిలదొక్కుకోనివ్వండి. డబ్బులు ఎక్కడికి పోతాయి."

ఆ మాటతో అందరూ తలూపారు. వెయ్యి రూపాయలు పెంచి, శాలువా కప్పి సన్మానం చేద్దామన్నారు. చేశాం. బొట్టు పెట్టి పట్టుచీర చేతికిచ్చింది నేనే. ఆమె వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. ఎంత మంచి పని చేశామో అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ వారమే మా తోటలో కొబ్బరి దింపు. మా వైపు చెట్లెక్కేవాళ్ళు తగ్గిపోయారు. ఉన్న నలుగురి కోసం నెల ముందు నుంచీ ఫోన్లు చేస్తూ ఉండాలి. వచ్చినతను చెట్టుకింతని కిందటిసారి కంటే బాగా పెంచి చెప్పాడు.

"ఏంటయ్యా, ఒక్కసారే ఇంత పెంచేవు?" అన్నాను.

"వెళ్ళిపోమంటే వెళ్ళిపోతానండీ."

"అబ్బే, ఎక్కు నాయనా, ఎక్కు."

టీ ఇచ్చి, అడిగినంతా ఇచ్చి, పైన నాలుగు కాయలు కూడా ఇచ్చి పంపాను. నీకు లోటేముందయ్యా అని అతన్నడగలేదు. అతని భార్య ఏం సంపాదిస్తోందో కూడా అడగలేదు. అతను రాకపోతే కాయ కిందికి రాదు. ఎంత సులువైన లెక్క. వెళ్ళిపోగలడని తెలిసినవాడికి అడిగినంత, వెళ్ళే దారి లేదని మనం నిశ్చయించుకున్న మనిషికి శాలువా. ఇది నాకు ఆ రోజే తట్టి ఉంటే బాగుండేది. తట్టలేదు.

అయిదు నెలలు తిరిగేసరికి ఆ అమ్మాయి రాజీనామా ఇచ్చింది. విశాఖపట్నంలో నూనెల కంపెనీలో ఉద్యోగం. మామగారిని కూడా తీసుకుపోతోంది. భర్తకి గల్ఫులో పని పోయి అప్పటికి ఆరు నెలలు దాటిందట, అక్కడే ఇంకో పని కోసం తిరుగుతున్నాడట. ఇల్లంతా ఆ పంతొమ్మిది వేల మీదే నడిచిందట. ఈ సంగతి చైర్మన్ గారికి ఆమె చెబుతుంటే పక్కన కూర్చుని విన్నాను.

"పోనీలెండమ్మా, అక్కడైనా బాగా ఇస్తారు" అన్నారు చైర్మన్ గారు.

"పాతిక ఇస్తామన్నారండీ."

"అదేంటి, అంత పెద్ద కంపెనీ."

"ఆ పనికి మిగతావాళ్ళకి నలభై పైనేనంటండీ. ఇప్పుడెంత వస్తోందని నన్నడిగేరు. నా జీతం కాగితం చూసి, దాని మీద ముప్ఫై శాతం వేసి ఇస్తామన్నారండీ."

జీతం కాగితంలో బియ్యం బస్తా లేదు. పాలు లేవు, ఆవకాయ లేదు, పట్టుచీర లేదు. మేం ప్రేమగా ఇచ్చిందేదీ అందులో లేదు. మేం ఇవ్వనిది మాత్రం ఆమె వెంట విశాఖపట్నం దాకా పోతోంది. అక్కడి నుంచి ఇంకో చోటికి వెళ్ళినా మళ్ళీ దాని మీదే కట్టుకుంటూ పోతారు. ఒక మనిషికి పెట్టిన ధర ఇన్నేళ్ళు నిలుస్తుందని పెసరట్టు తింటూ ధర పెట్టిన మేం ఎవరమూ అనుకోలేదు.

ఆమె బదులు ఇంకో మనిషి కావాలి కదా. హైదరాబాదు నుంచి ఒకాయన కుదిరాడు. ఫోన్లోనే నలభై అయిదు వేలన్నాడు. కాఫీ చల్లారకముందే బోర్డు ఒప్పేసుకుంది.

"ఒకేసారి అంతా?" అన్నాను.

"అంతకి తక్కువకి ఎవరొస్తారండీ ఈ మూలకి?" అన్నారు చైర్మన్ గారు.

"మరి ఆ అమ్మాయి వచ్చింది కదండీ."

"ఆవిడ మనమ్మాయి కదండీ" అన్నారాయన. ఆ మాట నాదే.

ఆమె చివరి రోజున, సంతకాలకి రమ్మంటే ఆఫీసుకి వెళ్ళాను. మా ఆఫీసులో టైపు చెయ్యడం వచ్చింది ఆమె ఒక్కర్తికే. తనని విడుదల చేసే కాగితం, కొత్తాయన నియామకం కాగితం, రెండూ తనే చేసి నా ముందు పెట్టింది. మొదటిదాంట్లో చివరి జీతం పంతొమ్మిది వేలు. రెండోదాంట్లో నలభై అయిదు వేలు, దాని కింద ప్రావిడెంట్ ఫండు, ప్రయాణ ఖర్చులు, ఏటా పెంపు.

"ఇవి మేం అనుకోలేదేమ్మా" అన్నాను.

"మర్చిపోయేరండీ. ముందే రాసుకోకపోతే రేపు ఆయనకి ఇబ్బంది అవుద్ది. నేనే చైర్మన్ గారిని అడిగి చేర్చేనండీ."

నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. "నీ కాగితంలో ముప్ఫై అయిదని వేసెయ్యి. నేను సంతకం పెడతాను. ఎవడడుగుతాడో చూస్తాను."

"వద్దండీ పిన్నిగారూ. బ్యాంకు పుస్తకం కూడా చూస్తారండీ. లేనిది ఎందుకు రాయడం."

ఆ నెమ్మదితనం చూసి నాకు ఒళ్ళు మండింది. నా మీద రావాల్సిన కోపం ఆమె మీదికి పోయింది. "ముక్కూ మొహం తెలియని ఆయన కోసం అడగడం వచ్చిందా నీకు? అడగందే అమ్మయినా పెట్టదంటారు. నీ కోసం ఒక్కసారి నోరు తెరిచి నాతో చెప్పి ఉంటే, ఆ రోజు నేను వాళ్ళని ఊరుకునేదాన్నా?"

ఆమె ముద్ర వేసే ప్యాడు మూత తీస్తోంది. తలెత్తలేదు.

"చెప్పేనండీ" అంది. "మీటింగుకి రెండు రోజుల ముందు మీ ఇంటికొచ్చి చెప్పేను. ఆయనకి పని పోయిందని చెప్పేను. కనీసం ముప్ఫై అయినా చేయించమని అడిగేను. మీరు ముందు భోజనం చెయ్యమన్నారండీ."

లేదని అనబోయాను. అంతలో గుర్తొచ్చింది. శుక్రవారం, ఒంటిగంట దాటిన వేళ. ఎండన పడి వచ్చింది. ఆ రోజు ఆవ పెట్టి పనసపొట్టు కూర చేశాను, నలుగురూ తినాలని ఉబలాటం. పీట వాల్చి కూర్చోబెట్టాను. ఆమె ఏదో చెబుతూ ఉంది. "చెప్పమ్మా, వింటున్నాను" అంటూ నేను పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తున్నాను. మధ్యలో ఒకసారి ఆమె గొంతు ఆగింది. పొరబోయిందనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చాను. తర్వాత ఇంక ఏమీ మాట్లాడలేదు. కూర బాగుందా అంటే బాగుందండీ అంది. రెండోసారి అన్నం వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే, మొహమాటం అనుకుని, ఆ చెయ్యి పక్కకి తీసి వడ్డించాను. ఆమె తల వంచుకుని అంతా తినేసి వెళ్ళింది.